ఫైలు తెరవని ఇంటర్వ్యూ

నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కి వచ్చే విద్యార్థుల చేతుల్లో దాదాపు ఒకేలాంటి ఫైళ్లు కనిపిస్తాయి. టెన్త్ మెమో నుంచి బీటెక్ ప్రొవిజనల్ దాకా సర్టిఫికెట్లు, బ్యాంకు లోన్ శాంక్షన్ లెటరు, నాన్న పేరు మీద ఎఫ్‌డీలు, తాతగారి పొలం పాసుపుస్తకం జిరాక్సు, సీఏ రాసిచ్చిన ఆస్తుల లెక్క. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరసగా సర్ది ఉంటాయి. ఆ ఫైలు తయారవడానికి రెండు నెలలు పట్టి ఉంటుంది. లోపల అద్దం అవతల నిలబడ్డ ఆఫీసరు అడిగేది మాత్రం పాస్‌పోర్టు, యూనివర్సిటీ పంపిన ఐ-20 ఫారం. ఆ తర్వాత మూడో నాలుగో ప్రశ్నలు. మూడు నిమిషాలు తిరక్కుండానే పాస్‌పోర్టు అవతలే ఉండిపోతే వీసా వచ్చినట్టు, ఒక కాగితంతో కలిసి ఇవతలికి వచ్చేస్తే రానట్టు. వచ్చినా రాకపోయినా ఫైలు మాత్రం చాలాసార్లు తెరవకుండానే ఇంటికి చేరుతుంది.

"ఒక్క డాక్యుమెంటు కూడా చూడలేదండీ!" రిజెక్టయిన పిల్లల ఇళ్లలో మొదట వినపడే మాట ఇదే. చూడకుండా ఎలా కాదంటారన్న ఉక్రోషం అందులో ఉంది. అది అర్థం చేసుకోదగ్గదే. కాగితాలన్నీ పక్కాగా ఉంటే పని అయిపోవాలన్నది మన ఆఫీసుల్లో తిరిగి తిరిగి మనకు ఒంటబట్టిన నమ్మకం. ఎమ్మార్వో ఆఫీసులోనైనా, పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనైనా కాగితమే మాట్లాడుతుంది. అమెరికా విద్యార్థి వీసా ఆ పద్ధతిలో నడవదు. ఎందుకు నడవదో తెలియాలంటే డెబ్బై ఏళ్లు దాటిన ఒక చట్టం దగ్గరికి వెళ్లాలి.

అమెరికా వలస వ్యవహారాలకు మూలచట్టం 1952లో వచ్చింది. అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినా, కాంగ్రెస్ దాన్ని కాదని నెగ్గించుకుంది. తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి గానీ, 214(బి) సెక్షన్‌లోని ప్రధానమైన ఊహ అలాగే ఉంది. తాత్కాలిక వీసా అడిగే విదేశీయుడు ఎవరైనా సరే, కాన్సులర్ ఆఫీసరుకు నమ్మకం కుదిరేలా రుజువు చేసుకునేదాకా, శాశ్వతంగా ఉండిపోవడానికి వస్తున్నవాడి కిందే లెక్క. కోర్టులో నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి. కౌంటర్ దగ్గర వరస తలకిందులు. అనుమానం ముందే ఉంటుంది, దాన్ని తొలగించుకోవలసిన భారం విద్యార్థిదే. విద్యార్థి వీసా అయిన ఎఫ్-1 నిర్వచనం ఇంకో మెలిక పెడుతుంది. సొంత దేశంలో నివాసం ఉండాలి, దాన్ని వదులుకునే ఉద్దేశం ఉండకూడదు, పూర్తికాల చదువుకు తగిన అర్హత ఉన్న నిజమైన విద్యార్థి అయివుండాలి.

ఈ వాక్యంలో మూడు షరతులున్నాయి. వాటిలో అర్హతను మాత్రమే కాగితం తేల్చగలదు. "ఉద్దేశం" ఏ మెమోలోనూ ఉండదు. "నిజమైన విద్యార్థి" అని ఏ బ్యాంకూ లెటరు రాసివ్వదు. ఆఫీసరు చూసేది మనిషిని, వినేది మాటని. డబ్బు గురించో కోర్సు గురించో సందేహం వచ్చినప్పుడు మాత్రమే ఫైలుకు పని పడుతుంది. అప్పటిదాకా అది చంకలో ఉండే ధైర్యం.

"నమ్మకం కుదిరేలా" అన్న మాటకు చట్టంలో చాలా బరువుంది. ఆ నమ్మకం కుదరలేదని ఆఫీసరు అనుకుంటే పైకి అప్పీలు లేదు. కాన్సులర్ నిర్ణయాల్లో కోర్టులు వేలు పెట్టవన్నది అక్కడ పాత సూత్రం. 2024 జూన్‌లో ఒక అమెరికా పౌరురాలు తన భర్త వీసా కోసం వేసిన కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ గట్టిగా నిలబెట్టింది. సొంత పౌరురాలి భర్త విషయంలోనే తలుపు మూసిన కోర్టు, చదువుకు వెళ్తామనే విదేశీ విద్యార్థికి తెరుస్తుందని అనుకోలేం. చేతిలో పెట్టే కాగితం కూడా అందరికీ ఇంచుమించు ఒకటే. 214(బి) కింద అర్హత చూపలేకపోయారని అందులో ఉంటుంది. ఎక్కడ తేడా కొట్టిందో ఉండదు. ఈ మౌనంలోంచే హైదరాబాద్‌లో సగం పుకార్లు పుడతాయి. ఫలానా కౌంటర్ మేడమ్ అయితే రిజెక్టేనట, నీలం చొక్కా వేసుకుంటే మంచిదట, ఫలానా రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెబితే చాలు కొట్టేస్తున్నారట. కారణం చెప్పని చోట శకునాలు చూడక ఏం చేస్తారు?

అసలు చిక్కు ఇంకో దగ్గర ఉంది. తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందా అని ఒక చేత్తో అడిగే దేశమే, ఇంకో చేత్తో ఉండే దారి కూడా చూపిస్తుంది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి 12 నెలలు, సైన్సు-ఇంజనీరింగ్ కోర్సుల వాళ్లకు దాని మీద మరో 24 నెలలు. అంటే మూడేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు. ఈలోపు ఏటా ఇచ్చే 85,000 హెచ్-1బి ఉద్యోగ వీసాల కోసం లాటరీలో పేరు వేయించుకోవచ్చు. హెచ్-1బి మీదికి మారాక శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకున్నా తప్పు లేదు. 1990లో చట్టాన్ని సవరించినప్పుడు 214(బి) అనుమానం నుంచి హెచ్-1బి వాళ్లను తప్పించారు. అదే మనిషి, అదే కోరిక. ఎఫ్-1 కౌంటర్ దగ్గర అనర్హత అయ్యేది నాలుగేళ్ల తర్వాత హెచ్-1బి కౌంటర్ దగ్గర అభ్యంతరమే కాదు.

ఇక అప్పు లెక్క. ఎంఎస్‌కి 40 లక్షలు లోన్ తీసుకున్నారనుకుందాం. 11 శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలి అంటే నెలకు సుమారు 55 వేల రూపాయల కిస్తీ. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చేరే ఫ్రెషర్లలో చాలామంది జీతం అందులో సగం ఉంటే గొప్ప. ఈ కూడికలు తీసివేతలు అద్దం ఇవతలున్న వాళ్లకు తెలుసు, అవతలున్న వాళ్లకూ తెలుసు. అయినా "చదువయ్యాక ఏం చేస్తావు?" అని అడిగితే "వెంటనే ఇండియా వచ్చేసి ఇక్కడే ఉద్యోగం చేస్తాను" అని వల్లించమని పిల్లలకు నేర్పుతారు. నలభై లక్షల అప్పున్నవాడు వెంటనే వచ్చేసి ఎలా తీరుస్తాడన్న ప్రశ్న తర్వాతి సెకనులోనే వస్తుంది. దానికి జవాబు ఎవరూ నేర్పి ఉండరు.

ఇరవై రెండేళ్ల వయసులో పొలాలు, స్థలాలు, భార్యాబిడ్డలు లాంటి బంధాలు ఉండవని అమెరికా విదేశాంగ శాఖ కూడా ఒప్పుకుంటుంది. చిన్న వయసు దరఖాస్తుదారుల విషయంలో వాళ్ల ఉద్దేశాలు, కుటుంబ పరిస్థితి, ముందుచూపు, అవకాశాలు చూస్తామని తానే చెబుతుంది. కాబట్టి తాతగారి పొలం పాసుపుస్తకం ఆ కౌంటర్ దగ్గర బ్రహ్మాస్త్రం కాదు. ఈ చదువు ఎందుకు, ఈ యూనివర్సిటీ ఎందుకు, దీనితో ఏం చేయదలచుకున్నావు అన్న మూడింటికీ పొంతన కుదిరే కథ ఉందా లేదా అన్నదే చూస్తారు. ఆ కథ ఎవరిది వాళ్లకే ఉండాలి. మన దగ్గర తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఎంసెట్ నుంచి మనకు అలవాటైన విద్య ఒకటుంది. ప్రశ్నలు ముందే సేకరించడం, మోడల్ జవాబులు బట్టీ పట్టడం, రోజూ టెస్టులు రాయడం. వీసాకూ అదే మందు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో సందుకో కన్సల్టెన్సీ. విజయవాడ, గుంటూరు, వరంగల్ కూడా వెనకబడలేదు. మాక్ ఇంటర్వ్యూలు పెడతారు, ఆ రోజు లోపల ఎవరిని ఏమడిగారో సాయంత్రానికల్లా టెలిగ్రామ్ గ్రూపుల్లో పెడతారు. ఫీజు లేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, పిల్లలను చేర్చినందుకు కొన్ని యూనివర్సిటీలే కమీషన్ ఇస్తాయి. ఒకే యూనివర్సిటీకి ఒకే కన్సల్టెన్సీ నుంచి గుంపుగా దరఖాస్తులు వెళ్లడానికి అదొక కారణం.

ఫలితం కౌంటర్ దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పొద్దుట్నుంచి నలభై మంది "వై దిస్ యూనివర్సిటీ" అన్న ప్రశ్నకు ఒకే ప్రొఫెసరు పేరు, ఒకే ల్యాబు పేరు, ఒకే ర్యాంకు చెబుతారు. నలభై ఒకటో అబ్బాయి కూడా మొదలుపెట్టగానే ఆఫీసరు మధ్యలో ఆపి, "ఆ ప్రొఫెసరు రాసిన దేనిలోనైనా నీకు నచ్చిన విషయం ఒకటి చెప్పు" అంటారు. నిశ్శబ్దం. వేగంగా మాట్లాడుతున్నవాడు ఒక్కసారిగా ఆగితే ఆ నిశ్శబ్దం పెద్దగా వినపడుతుంది. అదే లైన్లో ఇంకో అమ్మాయి ఉందనుకుందాం. ఇంగ్లిష్ తడబడుతుంది. ఫైనల్ ఇయర్‌లో మిరప ఆకు ఫొటోలు చూసి తెగులు గుర్తుపట్టే ప్రాజెక్టు చేసింది. ఫొటోలు సరిపోక మోడల్ సరిగ్గా పనిచేయలేదు. తక్కువ డేటాతో పని చేయించడం నేర్చుకోవాలని, చేరబోయే కోర్సులో రెండో సెమిస్టర్‌లో దానికో సబ్జెక్టు ఉందని చెబుతుంది. వ్యాకరణం తప్పు పోతుంది, మాట మాత్రం నిలబడుతుంది. ఆ అమ్మాయికి వీసా ఖాయమని ఎవరూ చెప్పలేరు. కానీ ఆమె చెప్పింది ఆ రోజు ఇంకెవరూ చెప్పి ఉండరు. కోచింగ్ ఇవ్వలేనిది అదే.

ఇంటర్వ్యూ మీద ఇంత బెంగ పెట్టుకునేవాళ్లు వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారాన్ని మాత్రం కన్సల్టెన్సీ కుర్రాడి చేతిలో పెట్టేస్తారు. ఇది చాలా పెద్ద పొరపాటు. ఆఫీసరు ఫైలు చూడకపోవచ్చు గానీ ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద ఈ ఫారం ఉంటుంది. అక్కడ ఒకటి, నోట ఒకటి వస్తే అనుమానానికి వేరే పనే లేదు. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు, బంధువులు అమెరికాలో ఉన్నారా, గతంలో వీసా నిరాకరణ జరిగిందా అన్నవన్నీ అందులోనే. "ఈ ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా?" అన్న ప్రశ్న కూడా ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు నింపి, అక్కడ "లేదు" అని పెడితే ఆ విద్యార్థి మొదటి అబద్ధం తనకు తెలియకుండానే చెప్పేసినట్టు.

పేరు దగ్గర తెలుగువాళ్ల కష్టం ప్రత్యేకమైనది. మన ఇంటిపేరు ముందుంటుంది, వాడుకలో పొడి అక్షరమై ఉంటుంది. టెన్త్ మెమోలో "కె. సాయి కిరణ్" అని ఉన్నవాడు పాస్‌పోర్టులో ఇంటిపేరు విడమరిచి రాయించుకుంటాడు, డిగ్రీలో ఇంకోలా పడుతుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరు మొత్తం గివెన్ నేమ్‌లో పెట్టేస్తారు. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ కింద పడి, ముందు పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అక్కడికెళ్లాక బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, జీతం చెక్కు అన్నింటి మీదా అదే పేరు. అమ్మానాన్నలు ముహూర్తం చూసి పెట్టిన పేరు ఉండగా, క్లాసులో హాజరు పిలిచేటప్పుడు "ఎఫ్ఎన్‌యూ" అని పిలిపించుకున్నవాళ్లు తక్కువేం కాదు. పాస్‌పోర్టు దరఖాస్తు రోజు పది నిమిషాల శ్రద్ధ పెడితే తప్పే తలనొప్పి ఇది.

డబ్బు సంగతి. యూనివర్సిటీ పంపే ఐ-20లో ఖర్చులు ఒకవైపు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకోవైపు ఉంటాయి. ట్యూషన్, ఉండటం తినడం, ఇన్సూరెన్సు వగైరా 12 నెలలకు కలిపి ఎంతో అంత. సొంత డబ్బు, కుటుంబం ఇచ్చేది, యూనివర్సిటీ సాయం కలిపి ఎంతో అంత. రెండూ తూగాలి. ఆఫీసరు "హూ ఈజ్ ఫండింగ్" అని అడిగేది ఈ కాగితం చూస్తూనే. ఇక్కడ ఇంకో వ్యాపారం పుట్టింది. కొన్ని వారాల పాటు ఎవరిదో డబ్బు ఖాతాలో వేసి, బ్యాలెన్స్ లెటరు తెప్పించి, వడ్డీ పుచ్చుకుని వెనక్కి లాగేసుకోవడం. "ఫండ్స్ చూపించడం" అని దానికి ముద్దుపేరు. నిన్నటిదాకా పదివేలు దాటని ఖాతాలో ఇవాళ ముప్ఫై లక్షలు కనపడితే దాని కథ ఏమిటో ఊహించడానికి ఆఫీసరు కానక్కర్లేదు.

రైతు కుటుంబాల పిల్లల్లో ఈ భయం మరీ ఎక్కువ. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి చాలామంది రైతులకు ఐటీ రిటర్నులే ఉండవు. రిటర్నులు లేకపోతే ఆదాయం లేనట్టేనని ఎవరో బెదరగొడతారు. అప్పుడు నాన్నకి లేని వ్యాపారం పుడుతుంది, ఊళ్లో లేని ఎరువుల షాపు కాగితం మీద వెలుస్తుంది. "మా నాన్న రైతు, అయిదెకరాల పత్తి, చదువుకు బ్యాంకు లోన్ శాంక్షన్ అయింది, మిగతాది మామయ్య సర్దుతున్నాడు" అని ఉన్నదున్నట్టు చెబితే అందులో అనర్హత ఏమీ లేదు. లోన్ కూడా చట్టబద్ధమైన డబ్బే. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి లాంటి పథకాల కింద వచ్చే సాయాన్ని కూడా దాచుకోనక్కర్లేదు. ఎరువుల షాపు గురించి ఒక్క ప్రశ్న లోతుగా అడిగితే మాత్రం కథ కంచికే.

దొంగ కాగితం విషయంలో చాలామందికి తెలియని తేడా ఒకటుంది. 214(బి) కింద కాదంటే అది ఆ రోజుకి కాదన్నట్టు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పారనో, నకిలీ పత్రం పెట్టారనో తేలితే పడేది వేరే సెక్షన్, 212(ఎ)(6)(సి). అది జీవితాంతం వెంటాడే అనర్హత. పదేళ్ల తర్వాత పెళ్లయి వెళ్లాలన్నా, కంపెనీ పంపాలన్నా అది అడ్డంగా నిలబడుతుంది. దాన్ని దాటడానికి ప్రత్యేక మినహాయింపు అడుక్కోవాలి. పత్రం చేసిచ్చినవాడి పేరు ఎక్కడా ఉండదు, సంతకం పెట్టింది విద్యార్థే.

తెలుగువాళ్ల ఎంఎస్ ప్రయాణానికి చేదు జ్ఞాపకాలు కూడా కొన్ని ఉన్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో దాడులు జరిగినప్పుడు అక్కడ చదువుతున్నామనుకున్నవాళ్లలో పెద్ద భాగం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు విద్యాసంస్థలకు బయల్దేరిన విద్యార్థులను హైదరాబాద్ ఎయిర్‌పోర్టులోనే విమానం ఎక్కనివ్వలేదు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వ అధికారులే మిషిగన్‌లో పెట్టిన బూటకపు సంస్థ. అప్పుడు మొదట అదుపులోకి తీసుకున్న విద్యార్థులు 130 మంది, వాళ్లలో 129 మంది భారతీయులు. 2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థులను ఒక్క రోజులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుల నుంచి వెనక్కి పంపినప్పుడు కూడా ఎక్కువమంది తెలుగు రాష్ట్రాలవాళ్లేనని వార్తలొచ్చాయి. వీసా స్టాంపు పడినంత మాత్రాన అమెరికా గడప దాటినట్టు కాదు. గడప దగ్గర ఇమిగ్రేషన్ ఆఫీసరు ఇంకొకరుంటారు, ఆయనకు ఫోను విప్పి వాట్సాప్ సంభాషణలు చూసే అధికారం కూడా ఉంది. ఈ జ్ఞాపకాలన్నీ కౌంటర్ అవతలివాళ్ల దగ్గర కూడా ఉంటాయి, మనకంటే పద్ధతిగా.

ఇంత జరిగినా గిరాకీ తగ్గలేదు. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కి చేరి, 2008-09 తర్వాత మొదటిసారి చైనాను దాటింది. మరుసటి ఏడు 3,63,019. అదే కాలంలో కౌంటర్ బిగుసుకుంది. 2024 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఎఫ్-1 దరఖాస్తుల్లో దాదాపు 41 శాతాన్ని తిరస్కరించారు. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరు. ఆ తర్వాత 2025 వేసవి. మే 27న కొత్త స్టూడెంట్ వీసా స్లాట్లు ఆపేయమని ఆదేశం వచ్చింది. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతూ, సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనపడేలా పబ్లిక్‌లో పెట్టాలన్నారు. సరిగ్గా పిల్లలంతా ఆగస్టు చేరికల కోసం స్లాట్లు వెతుక్కునే రోజులవి. రాత్రి రెండింటికి లేచి పోర్టల్ రిఫ్రెష్ చేయడం, కోల్‌కతాలో ఒక్క స్లాట్ కనపడితే రైలో విమానమో పట్టుకుని పరుగెత్తడం మన ఇళ్లలో చూసినవే. స్లాట్లు కొల్లగొట్టే బాట్‌ల బెడద కూడా తోడైంది. అదే ఏడాది మార్చిలో బాట్‌లు బుక్ చేసిన సుమారు 2,000 వీసా అపాయింట్‌మెంట్లను అమెరికా ఎంబసీ రద్దు చేసింది. ఆ ఆగస్టులో భారత్ నుంచి అమెరికాలో దిగిన విద్యార్థులు అంతకు ముందు ఆగస్టుతో పోలిస్తే 40 శాతానికి పైగా తగ్గారు. సెప్టెంబరులో హెచ్-1బి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్లకు అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చేదాకా కన్సల్టెన్సీల్లో ఫోన్లు మోగలేదంటారు.

గండిపేట దారిలోని చిలుకూరు బాలాజీ గుళ్లో మాత్రం రద్దీ తగ్గదు. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. హుండీ ఉండదు. వీసా బాలాజీ అని పేరు పడ్డ ఆ దేవుడు కూడా ఏ కాగితమూ అడగడు, అది వేరే సంగతి.

అన్ని దేశాలూ ఇలా మనిషి ముఖం చూసి తేల్చవు. జర్మనీకి వెళ్లాలంటే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు, నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి, 2022 నవంబరు నుంచి మన సర్టిఫికెట్లకు ఏపీఎస్ అనే జర్మన్ సంస్థ పరిశీలన కూడా తప్పనిసరి. బ్రిటన్‌కైతే చూపించిన డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు నిలిచి ఉండాలి. 27 రోజులకే తీశారంటే వీసా పోయినట్టే. అక్కడ ఫైలే అభ్యర్థి. లెక్క కుదిరిందా లేదా అన్నది ఇంటి దగ్గరే చూసుకోవచ్చు, కాదంటే ఎందుకు కాదన్నారో కాగితం మీద ఉంటుంది. హైదరాబాద్ విద్యార్థి ఈ పద్ధతికి ఎక్కువ అలవాటు పడ్డవాడు. అమెరికా కౌంటర్‌కి కూడా ఆ అలవాటుతోనే వెళ్తాడు.

రిజెక్టయ్యాక వచ్చే ప్రశ్న మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది. వీసా ఫీజు 185 డాలర్లు తిరిగి రాదు. విద్యార్థి వివరాల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం, అదే రకం వీసాకు ఏడాది లోపల మళ్లీ దరఖాస్తు పెడితే రెండోసారి కట్టనక్కర్లేదు. కొందరు వారంలోనే ఇంకో స్లాట్ పట్టుకుని, ఈసారి వేరే ఆఫీసరు తగిలితే చాలనుకుంటారు. ఆఫీసరు వేరే కావచ్చు, స్క్రీన్ ఒకటే. మొదటి ఇంటర్వ్యూలో ఏం చెప్పారో, ఎందుకు నమ్మకం కుదరలేదో అక్కడి ఆఫీసరు రాసిన నోట్ అందులో ఉంటుంది. విద్యార్థికి ఇవ్వని కారణం వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుందన్నమాట. అందుకే రెండోసారి కౌంటర్ దగ్గరికి వెళ్లినవాళ్లకు తరచుగా ఎదురయ్యేది "వై దిస్ యూనివర్సిటీ" కాదు, "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?" అన్నది. మారింది యూనివర్సిటీ కావచ్చు, లోన్ కావచ్చు, ఈలోపు దొరికిన ఉద్యోగం కావచ్చు. ఫైలు మాత్రమే ఇంకాస్త లావైతే, దానికి జవాబు లేనట్టే.